ధ్వని కాలువ

కింద వీధిలో పెళ్లి ఊరేగింపు వెళ్తోంది. సన్నాయి ఊదే మనిషి బుగ్గలు ఉబ్బి తగ్గుతున్నాయి. డోలు వాయించేవాడు ఒళ్లంతా ఊపేస్తున్నాడు. పెళ్లికొడుకు కారు ముందు నలుగురు ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ అడుగులేస్తున్నారు. పదకొండో అంతస్తు బాల్కనీలో కాఫీ తాగుతున్న డాక్టర్ మందాకినికి ఇందులో ఒక్క చప్పుడు కూడా వినిపించడం లేదు.

పక్కనే నిలబడ్డ కూతురు వల్లరి మాత్రం కటకటాల మీద వేళ్లతో తాళం వేస్తోంది.

"బాగా వాయిస్తున్నారా?" అని అడిగింది మందాకిని.

"సన్నాయి బాగుంది. డోలే కొంచెం తొందరపడుతోంది."

2091 నాటి విశాఖపట్నంలో ఇది వింత కాదు. ఒకే బాల్కనీలో ఇద్దరు నిలబడితే ఇద్దరికీ రెండు వేర్వేరు ఊళ్లు వినిపిస్తాయి. ఇళ్ల గోడలకూ పైకప్పులకూ లోపలివైపు, బాల్కనీలకు కూడా, ఉల్లిపొరంత పలచటి ధ్వనిచర్మం అతికించి ఉంటుంది. అందులో కంటికి కనిపించని స్పీకర్లు కొన్ని లక్షలుంటాయి. బయటి నుంచి గాని ఇంట్లోంచే గాని ఒక శబ్దం వస్తే, సరిగ్గా దానికి ఎదురు తిరిగే శబ్దాన్ని అవి పుట్టిస్తాయి. రెండు అలలూ కలిసినచోట గాలి కదలదు. భౌతికశాస్త్రంలో దాన్ని అస్పందన స్థానం అంటారు. ఆ స్థానం మనిషి తల దగ్గర ఉండేలా, తల కదిలితే దానితోపాటు కదిలేలా చేయడమే నిశ్శబ్ద జాలం. ఆ జాలాన్ని కనిపెట్టింది మందాకినే.

ఏ శబ్దాన్ని ఆపాలో మొదట్లో ఇంటివాళ్లే మీట నొక్కి చెప్పేవారు. మూడో తరం జాలంలో ఆ శ్రమ కూడా తప్పింది. మణికట్టుకు కట్టుకున్న పట్టీ గుండె వేగాన్నీ చర్మం మీది చెమటనూ కనిపెట్టి చూస్తూ ఉంటుంది. ఏ శబ్దానికి మనిషి ఒళ్లు ముడుచుకుంటుందో అది మర్నాటి నుంచి ఆ మనిషికి వినిపించదు. అగ్నిప్రమాదపు సైరనూ, కాపాడమనే కేకా, ఆ మనిషినే పేరుపెట్టి పిలిచే పిలుపూ తప్ప దేనికీ మినహాయింపు లేదు.

మందాకిని ఈ మూడో తరం జాలాన్ని తయారుచేసింది కొడుకు పోయిన ఏడాదే. పంతొమ్మిదేళ్ల శశాంక్ స్నేహితులతో కలిసి సముద్రంలో ఈతకు దిగాడు. మిగిలినవాళ్లు ఒడ్డుకు వచ్చారు. పరామర్శకు వచ్చినవాళ్ల మాటలూ, బాల్కనీలోంచి రాత్రింబవళ్లు వినిపించే అలల హోరూ ఆవిడ భరించలేకపోయింది. భర్త అంతకు చాలా ముందే విడిపోయి పుణేలో ఉంటున్నాడు. ఆవిడ ప్రయోగశాలలోనే తిని, అక్కడే పడుకుని పని పూర్తిచేసింది. ఇప్పుడు సముద్రం ఆ బాల్కనీలోంచి కనిపిస్తుంది గాని వినిపించదు. మూడేళ్లయింది ఆవిడ అలల చప్పుడు విని.

"అమ్మా," అంది వల్లరి.

మందాకిని ఊరేగింపు వైపే చూస్తూ "ఊఁ" అంది. కాసేపు ఆగినా కూతురు ఇంకేం మాట్లాడలేదు. తల తిప్పి చూసింది.

"ఏమన్నావే?"

వల్లరి ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, "ఏం లేదు. నీ ఫోనొస్తోంది చూడు," అని లోపలికి వెళ్లిపోయింది.

ఫోను చేసింది ఫరీద్. మందాకిని విభాగంలో అతను రెండో శాస్త్రవేత్త, లెక్కల్లో దిట్ట. గోడల నిర్వహణ చూసే మనుషులు ధ్వని కాలువలోకి వెళ్లం అంటున్నారని చెప్పాడు.

"ఎందుకట?"

"లోపల ఎవరో పిలుస్తున్నారట మేడమ్."

*

శబ్దాన్ని ఒకచోట ఆపవచ్చు గాని చంపలేం. ఒక తల దగ్గర గాలి కదలకుండా నిలబెడితే, ఆ కదలిక ఇంకోచోట రెట్టింపవుతుంది. ఆ చోటును ప్రస్పందన స్థానం అంటారు. ఇల్లన్నాక రెట్టింపు చప్పుడు ఉండే చోటు ఎవరికీ అక్కర్లేదు. అందుకని ప్రతి గదిలో మిగిలిపోయిన శబ్దాన్ని ఒక నాళంలోకి లాగి, భవనాల మధ్య కట్టిన పొడవాటి సందులోకి వదులుతారు. అదే ధ్వని కాలువ. ఇరుకుగా, ఎత్తుగా, పైన ఆకాశం గీతలా కనిపిస్తూ ఉంటుంది. పెద్దల గదుల నాళాలు దాని ఉత్తరపు చివర తెరుచుకుంటాయి. పిల్లల గదులవి దక్షిణపు చివర. అన్నీ ఒక్కసారిగా వదిలితే చెవులు పగిలిపోతాయి కాబట్టి నాళాల లోపల జిగురులాంటి పొర ఒకటి పూస్తారు. అది రాత్రి పట్టుకున్న శబ్దాన్ని సాగదీసి, తెల్లారింది మొదలు మధ్యాహ్నం దాకా కొంచెంకొంచెంగా వదులుతుంది.

కాలువ ఇనుప తలుపు దగ్గర మేస్త్రీ పైడిరాజు తన మనుషులతో ఎండలో నిలబడి ఉన్నాడు. మందాకిని రాగానే ముందుకొచ్చాడు.

"మా వోళ్లు రామంటన్నారు మేడమ్. మీకు తెలుసు గదా, లోపలెప్పుడూ గోలే. హారన్లు, పోట్లాటలు, గురకలు. అన్నీ సాగిపోయి ఒకటే హోరు. దానికి మేం అలవాటుపడిపోనాం. ఇది అది కాదు."

"ఎన్నాళ్లుగా వినిపిస్తోంది?"

"సాన్నాళ్లుగా ఉన్నాది. ముందు సన్నగా ఉండీది. ఈ మజ్జినే పెరిగిపోనాది. ఒకరు కాదు మేడమ్, అందరం విన్నాం. మనిషైతే ఎతికి బయటికి తెస్తుం. మనిషి లేకపోతే ఏటి సేస్తాం?"

మందాకిని, ఫరీద్ లోపలికి నడిచారు. మొదట అలవాటైన హోరే వినిపించింది. పాతిక గజాలు వెళ్లాక ఎవరో చెవి దగ్గర నోరుపెట్టి పిలిచినట్టయి మందాకిని ఉలిక్కిపడింది. "ఈ" అనే ఒక్క అచ్చు, ఆడగొంతు, తెగకుండా సాగుతోంది. అది ఏడుపులా లేదు. దూరంగా ఉన్నవాళ్లను రమ్మని పిలిచే పిలుపులా ఉంది. ఆవిడ వెనక్కి తగ్గింది. అడుగు తీసి అడుగు వేసేలోగా ఆ గొంతు పూర్తిగా మాయమైంది. మళ్లీ అంతే దూరం జరిగితే మళ్లీ చెవిలోనే వినిపించింది.

"కదలడం లేదు మేడమ్," అన్నాడు ఫరీద్ నెమ్మదిగా. "నిలబడి ఉంది."

"నిలబడే ఉంటుంది. ఇది స్థిర తరంగం."

బయటికి వచ్చాక ఆవిడ పైడిరాజు మనుషులకు భయం పోవాలని ఒక తాడు తెప్పించింది. ఒక కొస ఫరీద్‌కు ఇచ్చి, రెండో కొస తాను పట్టుకుంది. ఇద్దరూ ఒకే జోరుతో ఊపారు. తాడు మీద అల ముందుకు పోలేదు. కొన్నిచోట్ల పైకీ కిందికీ ఎగిరింది, కొన్నిచోట్ల అసలు కదల్లేదు.

"చూశారా, ఇటునుంచి ఒక అల, అటునుంచి ఒక అల. రెండూ ఒకదానికొకటి ఎదురైతే ఇలా నిలబడిపోతాయి. కదలని చోట మీకేమీ వినిపించదు. ఎగిరే చోట రెట్టింపు వినిపిస్తుంది. దెయ్యం కాదు, భూతం కాదు."

పైడిరాజు తాడు వైపు చూశాడు. "సరే మేడమ్. ఇటు మీరూపుతున్నారు, అటు ఈ బాబూపుతున్నాడు. లోపల ఊపుతున్నదెవరు?"

"ఒకరే. అటువైపు గోడకు తగిలి తిరిగొచ్చేదే రెండో అల."

ఆ మాట ఆవిడ నమ్మకంగానే అంది.

*

మధ్యాహ్నం కల్లా ఫరీద్ కాలువ పొడుగునా మైకులు పెట్టి కొలతలు తీశాడు. అల ఎంత ఎత్తుకు ఊగుతోందో చెప్పే కొలతను కంపన పరిమితి అంటారు. ఒక్కోచోట అది ఎంతుందో తెలిస్తే అల ఎక్కడ పుట్టిందో వెనక్కి లెక్కకట్టవచ్చు. గొంతును పట్టుకోవడానికి అదొక్కటే దారి. సాగిపోయిన గొంతు ఎవరిదో వినేవాళ్లకు తెలియదు. అది పుట్టినచోటు తెలిస్తే సాగిన శబ్దాన్ని మళ్లీ ముడిచి అసలు మాటను బయటికి తీయవచ్చు. ఎవరైనా గదిలో చిక్కుకుని రోజుల తరబడి అరుస్తున్నారేమోనన్న అనుమానం ఇద్దరికీ ఉంది. కాపాడమన్న మాట పలకలేని స్థితిలో ఉంటే జాలం ఆ కేకను ఆపేస్తుంది.

సాయంత్రం దాకా కూర్చున్నా లెక్క కుదరలేదు.

"కొసన ఉన్న గోడ పది పాళ్లలో ఆరు పాళ్లే తిప్పి పంపుతుంది," అన్నాడు ఫరీద్. "వెళ్లే అల పది అనుకుంటే వచ్చే అల ఆరు. రెండూ కలిసేచోట పదహారు రావాలి. ఒకదాన్నొకటి కొట్టేసుకునేచోట నాలుగు మిగలాలి. ఎక్కడా పూర్తి నిశ్శబ్దం ఉండకూడదు. కాని ఉంది. కొట్టేసుకునేచోట సున్నా చూపిస్తోంది."

"మైకులు మార్చి చూడు."

"మార్చాను మేడమ్. రేపు మళ్లీ తీస్తాను."

మర్నాడు తీసినా అదే వచ్చింది. మందాకిని ఆ సున్నాల వరుస వైపు చాలాసేపు చూసింది. పైడిరాజు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. సున్నా రావాలంటే ఎదురొచ్చే అలకూ వెళ్లే అలకూ బలంలో పిసరంత తేడా కూడా ఉండకూడదు. గోడ అంత నమ్మకంగా దేన్నీ తిప్పి పంపదు.

"గోడ కాదు ఫరీద్. రెండోవైపు ఇంకో మనిషి ఉన్నారు. అదే శ్రుతిలో, అంతే బలంతో, ఎదురుగా పిలుస్తున్నారు."

ఫరీద్ ఆ సున్నాల వైపు మళ్లీ చూశాడు. "ఇద్దరికీ ఒకే శ్రుతి ఎలా కుదురుతుంది?"

"కుదిరితేనే ఈ సున్నా వస్తుంది. రెండు మూలాలు అనుకుని గణకాన్ని మళ్లీ లెక్క వెయ్యమను."

గది మధ్యనున్న గణకయంత్రానికి ఫరీద్ కొలతలు అప్పగించాడు. అది రెప్పపాటులో తేల్చేసింది.

"రెండు మూలాలు. ఒకటి ఉత్తరపు చివరి నుంచి, ఒకటి దక్షిణపు చివరి నుంచి. కంపన పరిమితులు సమానం. రెండు నాళాలూ ఒకే ఇంటివి," అంది గణకం.

"ఏ ఇల్లు?" అన్నాడు ఫరీద్.

"ఇంటివారి అనుమతి లేకుండా చెప్పడానికి వీల్లేదు."

ఆ నిబంధన పెట్టింది మందాకినే. "అయితే అనుమతి అడుగు," అంది. "ఆపదలో ఉన్నారేమోనని అడుగుతున్నామని చెప్పు."

"అడిగాను."

మందాకిని మణికట్టు మీది పట్టీ సన్నగా అదిరింది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు, తెర వైపే చూస్తోంది. పట్టీ మళ్లీ అదిరింది. ఫరీద్ ఆవిడ చేతి వైపు చూశాడు.

"మేడమ్," అన్నాడు.

ఆవిడ చెయ్యి తిప్పి చూసుకుంది. మీ ఇంటి ధ్వని వివరాలు పరిశోధన విభాగానికి ఇవ్వవచ్చా, అని ఉంది పట్టీ మీద. కింద అవును, కాదు అని రెండు గుర్తులు.

ఫరీద్ కుర్చీలోంచి లేచాడు. "నేను బయటుంటాను."

"వద్దు. కూర్చో," అని ఆవిడ అవును గుర్తు నొక్కింది.

గణకం మొదట దక్షిణపు గొంతును ముడిచి వినిపించింది. సాగిన అచ్చు ముడుచుకుని మాటయింది. "శశీ." వల్లరి గొంతు. చిన్నప్పుడు అన్నను అన్నానికి పిలవడానికి బాల్కనీలోంచి కిందికి కేకేసిన రాగమే అది. ఆ తర్వాత మాటలు కూడా ఉన్నాయి. "శశీ, అమ్మకి చెప్పనా, నాకు నీ మొహం సరిగ్గా గుర్తు రావట్లేదు." గోడకు చెబుతున్నట్టుగా ఉంది ఆ గొంతు.

తర్వాత గణకం ఉత్తరపు గొంతు వినిపించింది. అదే పేరు, అదే రాగం. కాని ఇది ముదురు గొంతు. నిద్రలో పలవరిస్తున్నట్టు మాటలు ముద్దగా ఉన్నాయి. పిలిచి, జవాబు కోసం ఆగి, మళ్లీ పిలుస్తోంది. చివరి పిలుపు వినేసరికి ఫరీద్ తల వంచుకున్నాడు.

"ఇదెవరు?" అంది మందాకిని. "మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఈవిడెవరు?"

ఫరీద్ తల ఎత్తాడు.

"మీరే మేడమ్."

*

మందాకిని ఇంటికి వెళ్లేసరికి వల్లరి వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది. మందాకిని చేతిసంచి కింద పెట్టకుండానే, మాటలేవీ కాసేపు ఆపవద్దని ఇంటి గణకానికి చెప్పి, గుమ్మంలో నిలబడింది.

"నాతో శశి గురించి ఎప్పుడైనా మాట్లాడావా వల్లీ?"

వల్లరి చెయ్యి ఆగింది. "ఎప్పుడైనా ఏంటమ్మా. రోజూ మాట్లాడేదాన్ని. నిన్న కూడా బాల్కనీలో అన్నాను, ఎల్లుండి వాడి పుట్టినరోజు, ఏం చేద్దామని. నువ్వు ఏమన్నావ్ అని అడిగావు. ఆ అడగడం నాకిప్పుడు అలవాటైపోయింది."

"నాకు వినిపించలేదే."

"అది నాకెలా తెలుస్తుంది? మనసుకు ఏది ఇష్టం లేదో అదే ఆగిపోతుందని టీవీలో నువ్వే చెప్పావు. వాడి మాట నీకిష్టం లేదనుకున్నాను." చాకు పక్కన పెట్టింది. "మొదట్లో కోపమొచ్చేది. తర్వాత నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఒక్కటడగనా? నువ్వు వాడి కోసం ఒక్కరోజైనా ఏడిచావా? నేను ఒక్కసారీ వినలేదు."

మందాకిని చేతిసంచిలోంచి ఫోను తీసి ఉత్తరపు గొంతు వినిపించింది. వల్లరి ఆ గొంతును గుర్తుపట్టడానికి ఎవరి సాయం అవసరం కాలేదు. మొదటి పిలుపుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కగదిలో తల్లి అలా పిలిచిన మొదటి రాత్రే, నిద్రలోనే ఆ పిల్ల ఒళ్లు ముడుచుకుపోయి ఉంటుంది. మర్నాటి నుంచి జాలం తన పని తాను చేసింది.

ఆ సాయంత్రమే మందాకిని ఇంట్లో జాలం ఆపించింది.

"మళ్లీ పెట్టాలంటే ఇద్దరి అనుమతీ కావాలి," అని గణకానికి చెప్పింది. "ఒక్కరు అడిగితే పెట్టకు."

జాలం ఆగిన క్షణంలో ఇంట్లోకి మొదట వచ్చింది సముద్రం. అలల హోరు బాల్కనీలోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి వచ్చి నిండిపోయింది. మందాకిని గోడ పట్టుకుని నిలబడింది. వల్లరి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు. శశికి బీరకాయ అంటే పడేది కాదన్న సంగతి దగ్గర మొదలై, వాడి అబద్ధాలూ, వాడి దొంగనవ్వూ, చివరిరోజు వేసుకెళ్లిన నీలం చొక్కా దాకా వెళ్లారు. పుట్టినరోజున పాయసం చేసుకున్నారు. వాడి ఫొటోలు బయటికి తీసి నేలంతా పరిచారు.

మొదటి పదిరోజులూ ఇల్లు మళ్లీ మనుషులున్న ఇల్లులా ఉంది.

తర్వాత కష్టం మొదలైంది. మందాకిని ప్రతి రాత్రీ నిద్రలో కొడుకును పిలిచేది. ఆ పిలుపుకు వల్లరి లేచి వచ్చి, భుజం తట్టి, నీళ్లిచ్చి, పక్కన కూర్చునేది. పొద్దున్నే కాలేజీకి ఎర్రబడ్డ కళ్లతో వెళ్లేది. మందాకినికి సిగ్గుగా ఉండేది. నిద్రపోతే పిలుస్తానేమోనని నిద్రపోవడం మానేసింది. అప్పుడు వల్లరి గదిలోంచి వచ్చే ఏడుపు వినిపించేది. తలుపు దాకా వెళ్లి నిలబడేది. లోపలికి వెళ్తే ఏం చెప్పాలో తెలిసేది కాదు. చెప్పాల్సిందంతా మొదటి పదిరోజుల్లోనే అయిపోయింది. దుఃఖం మాత్రం ఎంత పంచుకున్నా తరగలేదు. ఇదివరకు ఎవరిది వాళ్లు మోసేవారు. ఇప్పుడు ఇద్దరూ రెండేసి మోస్తున్నారు.

*

ఒక ఉదయం ఆవిడ ధ్వని కాలువకు వెళ్లింది. తమ గొంతులు పోయాక అక్కడ ఎలా ఉందో చూడాలనుకుంది. పైడిరాజు మనుషులు మళ్లీ పనిలోకి వచ్చారు. ఇప్పుడు పిలుపు లేదని సంతోషంగా చెప్పారు. ఆవిడ లోపలికి నడిచింది. పిలుపు లేదన్న మాట నిజమే. కాని అంత పెద్ద గొంతు పోవడంతో దాని కింద ఇన్నాళ్లూ అణిగి ఉన్నవి బయటపడ్డాయి. హోరులో సన్నగా, ఒకదాని పక్కన ఒకటిగా, నిలబడిపోయిన గొంతులు. ఒక అడుగు వేస్తే ఒకరు, ఇంకో అడుగు వేస్తే ఇంకొకరు. ఒకచోట మగగొంతు ఎవరినో బతిమాలుకుంటోంది. ఒకచోట ముసలిగొంతు దగ్గుతోంది. మాటలు తెలియవు. ఎవరెవరో తెలియదు.

ముందు ఎవరో మనిషి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. దగ్గరికి వెళ్తే మూడో అంతస్తులో ఉండే గోవర్ధనం గారు. రిటైరైన ఓడరేవు ఉద్యోగి. లిఫ్టులో ఎవరు ఎక్కినా జోకు చెప్పి నవ్వించే మనిషి. పని మనుషులు తలుపు తీసిపెట్టిన వేళ చూసి లోపలికి వచ్చినట్టున్నాడు. ఆవిడను చూసి తడబడ్డాడు.

"మీరేంటండీ ఇక్కడ?" అంది మందాకిని.

ఆయన చేత్తో ఆవిడను పక్కకు జరగమన్నాడు. "అక్కడ నిలబడితే వినిపించదమ్మా. ఇటు రా."

ఆవిడ జరిగింది. సన్నటి ఏడుపు. ముసలిదే గాని తీయటి గొంతు.

"మా ఆవిడ," అన్నాడు ఆయన. "రాత్రంతా అలా ఏడస్తదంట. పక్కనే పడుకుంటానా, నాకొక్క ముక్క వినపడదు. ఒకసారి ఈ సందు పక్కనించి పోతా వింటే తెలిసింది. యాభై ఏళ్ల కాపరం గదా, ఎంత సాగదీసినా గొంతు తెలవదా. అప్పట్నించి రోజూ పొద్దున్నే వస్తన్నాను."

"ఎందుకు ఏడుస్తున్నారో అడిగారా?"

"లేదు."

"జాలం ఆపించుకుంటే ఇంట్లోనే వినొచ్చు కదండీ. ఆవిడకు తోడుగా ఉండొచ్చు. నేను ఇవాళే ఆపిస్తాను, ఒక్క మాట చెప్పండి."

గోవర్ధనం గారు గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఒద్దమ్మా. ఆ పని సెయ్యకు. ఇంట్లో వింటే ఏదోటి సెయ్యాల గదా. ఏటి సెయ్యాలో నాకు తెలదు. ఇక్కడైతే ఊరికే వినొచ్చు."

మందాకిని తన చెయ్యి మెల్లగా విడిపించుకుంది. ఊళ్లో అందరి ఇళ్లలోనూ జాలం తీసేయించాలని ఆవిడ ప్రభుత్వానికి చెప్పబోతున్న మాటలన్నీ అప్పటికే మనసులో సిద్ధంగా ఉన్నాయి. అవి ఆ పెద్దాయన మొహం చూసి వెనక్కి వెళ్లిపోయాయి. బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర గోవర్ధనం గారి భార్య ఎదురైంది. చేతిలో పూల సంచి. గుడికి వెళ్తున్నానని చెప్పి, మొహం తిప్పుకుని, ఆయన ఉన్న వైపు కాకుండా ఉత్తరపు చివరికి నడిచింది. అది పెద్దల గదుల గొంతులు, ఆయన గొంతు కూడా, వచ్చే చోటు.

ఆ రాత్రి కూడా వల్లరి రెండుసార్లు లేచింది. తెల్లవారుతుండగా ఆ పిల్ల కుర్చీలోనే ముడుచుకుని నిద్రపోవడం చూసి, మందాకిని పట్టీ మీద జాలం మళ్లీ పెట్టడానికి తన వంతు అనుమతి ఇచ్చేసింది. వల్లరి ఒప్పుకోదన్న ధైర్యం ఉంది ఆవిడకు. అనుమతి ఇవ్వగానే తప్పు చేసినట్టనిపించింది. వెనక్కి తీసుకుందామనుకుంటూనే ఆ వారమంతా గడిచిపోయింది.

ఒక ఉదయం కళ్లు తెరిచేసరికి ఎండ గదిలోకి వచ్చేసింది. అంత గాఢంగా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆవిడకు తెలియలేదు. ఏదో లేనట్టనిపించింది. లేచి బాల్కనీలోకి వెళ్లింది. అలలు ఒడ్డుకు వచ్చి విరిగి, తెల్లగా పరుచుకుని, వెనక్కి పోతున్నాయి. చప్పుడు లేదు.

"జాలం ఎవరు పెట్టారు?" అని అడిగింది గణకాన్ని.

"ఇద్దరూ అడిగారు. మీ అనుమతి కిందటి వారం వచ్చింది. రెండోది నిన్న సాయంత్రం వచ్చింది."

వల్లరి రెండు గ్లాసుల్లో కాఫీ తీసుకుని బాల్కనీలోకి వచ్చింది. ఒకటి తల్లికి ఇచ్చింది. కళ్లు తేటగా ఉన్నాయి.

"నిద్రపట్టిందా అమ్మా?"

"పట్టింది. నీకు?"

"పట్టింది."

ఇద్దరూ సముద్రం వైపు చూస్తూ కాఫీ తాగారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. గ్లాసులు కడిగి బోర్లించాక మందాకిని చెప్పులు వేసుకుంటుంటే వల్లరి కూడా వేసుకుంది. ఎక్కడికని అడగలేదు. లిఫ్టులో ఇద్దరూ అంకెలు మారడం చూస్తూ నిలబడ్డారు.

కాలువ ఇనుప తలుపు తీసి ఉంది. పైడిరాజు మనుషులు బయట చేరి లోపలికి వెళ్లాలా వద్దా అని గొణుక్కుంటున్నారు. గొంతు మళ్లీ వచ్చిందని చెప్పారు. మందాకిని కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. పాతిక గజాలు వెళ్లాక ఆగి, రెండు అడుగులు ముందుకు, ఒకటి వెనక్కి వేసి చూసింది. తర్వాత వల్లరిని భుజాలు పట్టుకుని ఆ చోటికి జరిపి తాను పక్కన నిలబడింది.

"ఇక్కడ నిలబడు," అంది. "ఇక్కడైతే ఇద్దరిదీ కలిసి వినిపిస్తుంది."